దాహానికి గులకరాయి

ఉద్దానం ఇసుకలో గులకరాయి దొరకదు. కొబ్బరి పీచు దొరుకుతుంది, ఎండిన జీడిగింజ దొరుకుతుంది, సముద్రం ఎప్పుడో మర్చిపోయిన గవ్వ దొరుకుతుంది. నున్నగా గుండ్రంగా, నాలుక మీద పెట్టుకోదగ్గ రాయి కావాలంటే మాత్రం మహేంద్రగిరి నుంచి దిగివచ్చే మహేంద్రతనయ నది ఒడ్డుకి, అంటే బారువ దాకా, నడవాలి. వజ్రపుకొత్తూరు పక్కన ఒక తోటల ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరుగా ఉండే పోలారావు ఇరవై ఏళ్ళపాటు పిల్లల్ని అక్కడికి నడిపించాడు. ఆ రాళ్ళ కోసమే నడిపించాడు.

అతను స్కౌటు మాస్టరు అయిన తీరు కూడా చిత్రమే. టెక్కలిలో పదిరోజుల శిక్షణ శిబిరానికి వెళ్ళవలసినవాడు ఊరి బడిపంతులు. ఆయన మరదలి పెళ్ళి అడ్డొచ్చింది. ఊళ్ళో ఖాకీ నిక్కరున్న చదువుకున్న మనిషి ఇంకెవరా అని వెతికితే పోలారావు తేలాడు. వెళ్ళొచ్చాడు. మరుసటి ఏడు పంతులు బదిలీ మీద పోయాడు, స్కౌటు దళం పోలారావు మెడలో స్కార్ఫులాగా ఉండిపోయింది. ఇంటి ముందుగది తపాలా కార్యాలయం, పెరట్లో ఎకరం కొబ్బరి, ఊరవతల రెండెకరాల జీడితోట. ఆదివారం వస్తే ఇవన్నీ వెనక్కి జరిగేవి. ఈల మెళ్ళో వేసుకుని బయటికొచ్చేవాడు.

టెక్కలి శిబిరంలో ముడులు నేర్పారు, కట్లు కట్టడం నేర్పారు, మూడు రాళ్ళ పొయ్యి మీద నలభైమందికి ఉప్మా చెయ్యడం నేర్పారు. వాటి మధ్య సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక ముసలి శిక్షకుడు మాటవరసకు ఒక మాట అన్నాడు. ఎడారిలో నడిచేవాడు నోట్లో గులకరాయి పెట్టుకుంటాడు, ఉమ్మి ఊరుతుంది, దాహం మర్చిపోతాడు. అంతే. మిగతావాళ్ళు ఆ మాటని ఉప్మాతోపాటు అరిగించేసుకున్నారు. పోలారావు ఇంటికి తెచ్చుకున్నాడు.

దాహాన్ని మోసం చెయ్యడానికి మనిషి చెయ్యని పని లేదు. పాతకాలపు ఓడల్లో తెల్లవాళ్ళు తుపాకీ గుండు బుగ్గన పెట్టుకునేవారట. ఏకాదశి ఉపవాసాల ముసలమ్మలు కరక్కాయ ముక్క చప్పరిస్తారు. బాలింతరాలికి తాగడానికి నీళ్ళివ్వకుండా తడిగుడ్డతో పెదాలు తుడిచిన రోజులు మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. అన్నిచోట్లా మోసపోయేది నోరే. లోపలి ఒళ్ళు మోసపోదు. కానీ అది వెంటనే నోరు తెరిచి చెప్పదు.

పోలారావు దళంలో చేరినవాడికి ముందు స్కార్ఫు కట్టేవారు, తరువాత బ్యాడ్జి, ఆ తరువాత కుడి అరచేతిలో ఒక గులకరాయి. ఏటేటా ఫాల్గుణంలో ఊరి నుంచి బారువకి తీరం వెంట పాదయాత్ర. రాయి నోట్లో ఉండాలి, నది చేరేదాకా నీళ్ళు ముట్టకూడదు. ముట్టినవాడు వరసలో చివరికి పోయి అన్నం గుండిగ మొయ్యాలి. నది దగ్గర ప్రతివాడూ ఒక కొత్త రాయి ఏరేవాడు. తనకోసం కాదు, వచ్చే ఏడు చేరబోయే, ఇంకా పేరు తెలియని ఒక తమ్ముడి కోసం. ఈ ఏర్పాటు ఏ పుస్తకంలోనూ లేదు. పోలారావు సొంతంగా కల్పించింది. దాన్ని తలుచుకుంటే అతనికి గుండె నిండేది.

దారి మధ్యలో కొబ్బరితోట ఉన్న ఢిల్లీరావు మాత్రం వదిలేవాడు కాదు.

"ఏటి మావా, మీ గుంటలు రాళ్ళు తింతన్నారు? ఇళ్ళల్లో అన్నాలు వొండట్లేదేటి?"

"క్రమశిక్షణరా. నీకు తెలీదు."

"ఒకడు పెట్రోలు లీడరంట! కిరసనాయిలుకి టికానా నేదు, ఈడికి పెట్రోలు."

ఇంత ఎగతాళి చేసే ఢిల్లీరావుకే పోలారావు రహస్యం తెలుసు. దారి చూసొస్తానని సైకిలు మీద ముందు వెళ్ళే మాస్టరు, అతని తోటలో పంపుషెడ్డు వెనక నిలబడి రెండు బొండాలు తాగేవాడు. మూతి తుడుచుకుని, రాయి మళ్ళీ బుగ్గన పెట్టుకుని, ఎదురెళ్ళి ఈల ఊదేవాడు. అది తప్పని అతనికి ఎన్నడూ తోచలేదు. పాతికమంది పిల్లల్ని నడిపించేవాడికి తల దిమ్మెక్కకూడదు కదా అనుకున్నాడు. పిల్లలు మాత్రం మాస్టారికి దాహమే వెయ్యదని చెప్పుకునేవారు.

తొంభైతొమ్మిది అక్టోబరు గాలివానకి కంచిలి వైపు కొబ్బరిచెట్లు తలలు తెగి రోడ్ల మీద పడ్డాయి. బావులు ఆకులతో నిండిపోయాయి. పోలారావు తన పెద్ద స్కౌట్లని పదకొండుమందిని తీసుకుని వెళ్ళాడు. ఆ పదకొండుమందిలో అతని సహాయకుడు ఉమాశంకర్ ముందు నిలబడ్డాడు. పన్నెండో ఏట దళంలో చేరి, అప్పటికి ఇరవై ఒకటి నిండి, కాశీబుగ్గ జీడిపప్పు బట్టీలో పనిచేస్తూ ఆదివారాలు పిల్లలకి డ్రిల్లు చెప్పే కుర్రాడు. మూడు రోజులు గొడ్డళ్ళు పట్టుకుని పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా దారులు తెరిచారు. నోళ్ళల్లో రాళ్ళు. ఎవరో పెద్దలు తరువాత ఒక ప్రశంసాపత్రం పంపారు. అందులో "నీటిచుక్క అడగకుండా సేవ చేసిన" అని ఉంది. దాన్నీ, పదకొండుమంది నిలబడ్డ ఫొటోనీ పోలారావు ఒకే ఫ్రేములో కట్టించి తపాలాపెట్టె పైన తగిలించాడు.

ఆ ఫొటోలో ఎడమనుంచి మూడోవాడు అప్పలసూరి. రెండువేల రెండులో ఒక మధ్యాహ్నం మనియార్డరు ఫారం కోసం వచ్చి బల్లమీద కూలబడ్డాడు. పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు.

"ఏట్రా అప్పలసూరీ, కాళ్ళకి ఏటైనాది?"

"కిడ్నీలంటన్నారు సార్. సెయ్యాల్సింది ఏదీ నేదంట."

ఎనిమిది నెలలు బతికాడు. మరుసటి ఏడు ఫొటోలో కుడి చివరనున్న గోవిందరావు పోయాడు. ఊళ్ళో అంతకుముందూ ఇలా పోయినవాళ్ళున్నారు. కొబ్బరి దింపేవాళ్ళు, జీడితోటల కూలీలు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, ఉమాశంకర్ తండ్రి. స్కౌటు అనే మాట ఎరగనివాళ్ళు. అందుకని పోలారావు అప్పటికి ఏడ్చాడే తప్ప ఇంకేమీ అనుకోలేదు.

అనుకున్నది రెండువేల నాలుగులో. విశాఖపట్నం నుంచి డాక్టర్లు వచ్చి బడిలో రక్తపరీక్షల శిబిరం పెట్టారు. వరస నిలబెట్టడం, ముసలివాళ్ళని చెయ్యి పట్టి తేవడం పోలారావు దళం పని. డాక్టరు ఒక్కొక్కరిని అడిగి రాసుకుంటున్నాడు. ఏం పని, ఎండలో ఎన్ని గంటలు, రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు. పక్కనే నిలబడి వింటున్న పోలారావు ఉండబట్టలేక అడిగాడు.

"నీళ్ళకీ దీనికీ ఏమిటండీ సంబంధం?"

"ఇదీ కారణం అని ఎవరమూ చెప్పలేకపోతున్నామండీ. మీ నీళ్ళలోనే ఏదైనా ఉందేమో. ఎండలో నీళ్ళు తాగకుండా ఒళ్ళు ఎండగట్టడమేమో. చిన్నప్పటి నుంచీ అలా చేస్తే మూత్రపిండాలు ఎన్నాళ్ళు ఓరుస్తాయి? ఇంకా తెలియాలి."

డాక్టరు తరువాతి మనిషిని పిలిచాడు. ఎదురుగా వరసలో నిలబడ్డ తన స్కౌట్ల బుగ్గలు చూశాడు పోలారావు. పొద్దుటి నుంచీ ఎండలో ఉన్నారు. క్రమశిక్షణగలవాళ్ళు. ఒకడు రాయిని కుడిబుగ్గ నుంచి ఎడమబుగ్గకి మార్చాడు. పంటికి తగిలి టిక్కుమంది.

ఆ చప్పుడు మరి అతన్ని వదల్లేదు. ఉత్తరాల మీద ముద్ర కొట్టేటప్పుడు రెండు దెబ్బల మధ్య వినిపించేది. మజ్జిగ కవ్వం ఆగగానే వినిపించేది. ఫొటో ఉన్న గోడవైపు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. అప్పుడు వెనకనుంచి వినిపించింది. పదకొండు నోళ్ళల్లో ఒకటి కదిలినట్టు.

ఎన్నోసార్లు తర్కించుకున్నాడు, తర్కించుకుంటూనే ఫాల్గుణంలో రాళ్ళు పంచాడు. రాయి పెట్టుకోనివాళ్ళూ పోయారు కదా. పెట్టుకున్నవాళ్ళల్లో గట్టిగా ఉన్నవాళ్ళూ ఉన్నారు కదా. ఏడాదికి ఒక పాదయాత్ర ఎవడి మూత్రపిండాన్ని తినేస్తుంది? కానీ అది ఏడాదికి ఒకరోజు కాదని అతనికే తెలుసు. పిల్లలు ఆ రాయిని జీవితంలోకి తీసుకుపోయారు. జీడితోటల్లో, బట్టీల వేడిలో, వలసపోయిన ఊళ్ళ కట్టడాల మీద, దాహం వేస్తే నీళ్ళకి పరుగెత్తడం తక్కువతనమని నేర్చుకున్నారు. నేర్పినవాడు ఒక్కడే.

రెండువేల ఐదు చివర ఉమాశంకర్‌కి అదే జబ్బు బయటపడింది. మరుసటి ఏడాది మధ్యకల్లా వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కి విశాఖపట్నం పోయి రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేవాడు. బట్టీ పని పోయింది. ఆదివారం డ్రిల్లు మాత్రం మానలేదు. కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పేవాడు.

స్కౌట్లు ఎడమచేత్తో కరచాలనం చేస్తారు. ఊళ్ళోవాళ్ళు మొదట్లో దాన్ని చూసి ముక్కున వేలేసుకున్నారు. గుండెకి దగ్గరి చెయ్యి అని పోలారావు సర్దిచెప్పాడు. రక్తశుద్ధి కోసం చేతికి ఆపరేషను అయి వచ్చిన ఉమాశంకర్ అలవాటుకొద్దీ ఎడమచెయ్యే చాచాడు. పోలారావు ప్రేమకొద్దీ రెండో చెయ్యి కూడా వేసి మణికట్టు పట్టుకున్నాడు. చర్మం కింద ఏదో జుమ్మని కొట్టుకుంటోంది, గుప్పిట్లో పట్టిన కందిరీగలాగ. చటుక్కున వదిలేశాడు.

ఉమాశంకర్ నవ్వాడు. "నరాలు కలిపి కుట్టీసినారు సార్, సూదులు గుచ్చడానికి. భయపడకండి. అది మోగతానే ఉండాల. ఆగిపోతేనే భయం." ఆ వెంటనే అన్నాడు: "ఈ పాలి కొత్తోళ్ళు పన్నెండుమంది సార్. రాళ్ళన్నీ కడిగి ఎండబెట్టినాను. ఫాల్గుణం వచ్చేత్తంది."

ఈ ఏడు రాళ్ళ నడక వద్దనుకున్నాడు పోలారావు.

ఆపాలి. ఆపాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పడమంటే, నిన్ను ఇలా చేసింది నేనేనేమో అని, చెయ్యి మోగుతున్న మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పడం. పరీక్షలు దగ్గరపడ్డాయన్నాడు. ఎండలు ముదిరాయన్నాడు. సముద్రం బాగాలేదన్నాడు. ప్రతిదానికీ ఉమాశంకర్ సమాధానం తెచ్చాడు. పదిహేను రోజులు ఇలా గడిచాక భార్య కామాక్షమ్మ చారు గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"ఎవుడైనా ఈ ఇంట్లో నోట్లో రాయెట్టుకుని కూకున్నాడంటే అది నువ్వే. అడిగితే ఉలకవు, పలకవు. ఆడికి సెప్పాల్సింది ఏదో ఉంది నీకు. ఎల్లి సెప్పీసి రా. అన్నం తిన్లేక సత్తన్నావు."

"ఏం చెప్పమంటావే?"

"నాకేటి తెలుసు? నీ మొగం సూత్తే తెలుస్తంది, బరువైందేదో."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. ఉమాశంకర్ భార్య హేమ వీధరుగు మీద పీట వేసి, చెంబుతో నీళ్ళిచ్చింది. ఆ చెంబు చేతిలో పట్టుకుని పోలారావు ఏం చెయ్యాలో తెలియక చూశాడు. ఉమాశంకర్ పక్కన ఒక సీసా ఉంది. దాని మీద పెన్నుతో గీతలు గీసి ఉన్నాయి.

"రోజుకి అంతే సార్," అంది హేమ. "మందులకీ, టీకీ, అన్నిటికీ కలిపి. ఎక్కువ తాగితే ఒంట్లో ఉండిపోతాదంట, బయటికి పోదు కదా. ఈయనేమో ఎండాకాలమొత్తే గీతల్ని సూసుకుంటా కూకుంటాడు."

అప్పుడు గమనించాడు పోలారావు. ఉమాశంకర్ ఎడమబుగ్గ ఉబ్బి ఉంది. మాట్లాడబోతూ దాన్ని నాలుకతో పక్కకి నెట్టాడు. టిక్కుమంది. ఈసారి గోడలోంచి కాదు.

"దీంతోనే నెట్టుకొత్తన్నాను సార్. ఆసుపత్రిలో అందరూ మంచుముక్క అడుగుతారు. నాను మీ పేరు సెప్పుకుంటాను."

పోలారావు చెంబు కింద పెట్టాడు. ఇక దాచడం అతని వల్ల కాలేదు. డాక్టరు అన్న మాట చెప్పాడు. అప్పలసూరి, గోవిందరావు, ఫొటో, ఆ చప్పుడు, అన్నీ చెప్పాడు. "మిమ్మల్ని నేనే ఎండగట్టానేమో ఉమా" అన్నాడు. చివరికి, దానికంటే కష్టమైనది కూడా చెప్పాడు. "మిమ్మల్ని తాగొద్దన్నాను. నేను తాగాను. ఢిల్లీరావు తోటలో, ప్రతి ఏడూ, రెండేసి బొండాలు."

ఉమాశంకర్ తన చేతి మీద ఉబ్బిన నరాన్ని చూసుకున్నాడు.

"సూసినాను సార్."

"ఏమిటి?"

"రెండో ఏడు. కడుపులో నొప్పొచ్చి వరసలోంచి పక్కకొచ్చినాను. పంపుషెడ్డు ఎనక మీరు. గుటకలు కూడా ఇనబడినాయి. ఎవురికీ సెప్పనేదు."

"ఎందుకురా?"

"మా సారుకి దాహమెయ్యదని అందరం సెప్పుకునేవోళ్ళం. అది సెడగొట్టడం ఎందుకని. డాక్టరు నన్ను కూడా అడిగినాడు సార్, ఎండలో నీళ్ళు తాగేవాడివా అని. అప్పుడే తెలిసింది మీరేటి అనుకుంటారో. అందుకే మీ కాడ ఎత్తనేదు."

"అయితే నేనేనా?"

ఉమాశంకర్ ఓదార్చలేదు. పోలారావు తరువాత రోజుల్లో పదేపదే గుర్తుచేసుకున్నది అదే. "తెల్దు సార్. మా అయ్యకి రాయి ఎవుడిచ్చినాడు? ఆడూ పోనాడు. మీకు తెల్దు, నాకు తెల్దు, డాక్టరుకీ తెల్దు. కాదని సెప్పమంటే నానెలా సెప్పగలను?" అన్నాడు. "నడక మాత్రం ఆపకండి. రాయి సంగతి గుంటలకి మీరే సెప్పండి. బొండాం సంగతి కూడా."

ఫాల్గుణంలో ఆ ఉదయం జెండా కింద పన్నెండుమంది కొత్తవాళ్ళు, వాళ్ళ వెనక పాతవాళ్ళు, రోడ్డు పక్కన తల్లిదండ్రులు. పోలారావు చెప్పాడు. ఏదీ మిగల్చలేదు. బొండాల మాట దగ్గర ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వి, పక్కవాడి మొహం చూసి మానేశాడు. జనంలోంచి ఢిల్లీరావు గొంతు వచ్చింది. "ఔను, నానే కొట్టిచ్చినాను. నా తప్పూ ఉంది." ఆ మనిషి హాస్యం ఆడకుండా మాట్లాడటం ఊరు అప్పుడే విన్నది.

నడిచారు. అరగంటకి ఒక ఈల. ఈల వినగానే ఆగి తాగాలి, దాహం ఉన్నా లేకపోయినా. ఢిల్లీరావు మోపెడ్ వెనక ఉమాశంకర్ బిందెతో ముందే చేరి ఉండేవాడు. కుడిచేత్తో ఒక్కొక్కరికీ తనే పోసేవాడు. పోస్తూ వాళ్ళ గొంతుల్లో గుటక దిగడం చూసేవాడు. అతని బుగ్గలో రాయి కదిలేది. బారువలో రాళ్ళన్నీ నదిలో వేశారు. ఉమాశంకర్ వెయ్యలేదు.

"నాది ఉండనీండి సార్. ఇది పనికొచ్చేది నాకే, ఇప్పుడే."

ఆ ఏడు ఆషాఢంలో పోయాడు. హేమ పక్కబట్టలన్నీ దులిపింది. రాయి దొరకలేదు.

ఫొటోలో పోయినవాళ్ళు ముగ్గురయ్యారు. పోలారావు దాన్ని గోడ మీంచి తియ్యలేదు, ప్రశంసాపత్రం మాత్రం ఫ్రేములోంచి తీసేశాడు. పగటిపూట గంటకోసారి తపాలా గది గుమ్మంలో నిలబడి ఈల ఊదడం మొదలుపెట్టాడు. పిచ్చెక్కిందన్నారు కొందరు. నెల తిరిగేసరికి జీడితోటల్లో పనిచేసే ఆడవాళ్ళు ఈల వినపడగానే పార వదిలి బిందె దగ్గరికి పోవడం అలవాటైంది. కొబ్బరిచెట్టు మీద ఉన్నవాడు కూడా కిందికి దిగేవాడు.

రెండేళ్ళు అలా గడిచాక, ఒక ఉదయం ఇద్దరు కుర్రాళ్ళు జీపు దిగి, ఊరి బోరు నీళ్ళు చిన్న చిన్న సీసాల్లో పట్టి, చీటీలు అంటించారు. పోలారావు వెళ్ళి అడిగాడు. నీళ్ళలోనే ఏదో ఉందని అనుమానం, పరీక్షకి పంపుతున్నాం అన్నారు.

"ఎప్పటికి తెలుస్తుంది బాబూ?"

"చెప్పలేమండీ."

"అంతవరకూ తాగమనాలా, వద్దనాలా?"

వాళ్ళు సీసాలు పెట్టెలో సర్దుకుని ఎక్కారు. జీపు వెళ్ళిపోయింది.

ఈల ఊదే వేళ అయింది. పోలారావు ఈల పెదాల దాకా తెచ్చి ఆపాడు. ఒకప్పుడు తాగొద్దన్నది ఈ ఈల. ఇప్పుడు తాగమంటున్నది ఈ ఈలే. రోడ్డవతల తోటలో నడుములెత్తి నిలబడ్డ ఆడవాళ్ళు ఇటు చూస్తున్నారు. ఒకామె కేకేసింది.

"బావా! ఏటి, ఈల మింగీసినావేటి? గొంతెండిపోతంది!"

అతను బోరు దగ్గరికి నడిచాడు. నాలుగుసార్లు కొట్టి అక్కడున్న చెంబు నింపాడు. దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి, పంపుషెడ్డు వెనక కాదు, నడివీధిలో నిలబడి, ముందు తను తాగాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు. గుటకకీ గుటకకీ మధ్య, చెంబు అంచుకి తన పన్ను తగిలిందో, మరేమిటో, టిక్కుమంది.

మూతి తుడుచుకుని ఈల ఊదాడు.